అసమవాయి కారణం: సంస్థల కూర్పు, సాఫ్ట్‌వేర్ నిర్మాణం, కర్తృత్వ ప్రశ్న

ఒక వస్తువు ఈ రూపంలోనే ఎందుకు ఉంది, మరో రూపంలో ఎందుకు లేదు అని అడిగితే, జవాబును దానికి వాడిన పదార్థంలో వెతకాలా, దాన్ని చేసిన మనిషిలో వెతకాలా, లేక చేసిన మనుషుల మధ్య ఉన్న సంబంధాల్లో వెతకాలా అన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్న విషయం. ఇదే ప్రశ్న సాఫ్ట్‌వేర్ రంగంలో 1968 ఏప్రిల్‌లో మరో రూపంలో తలెత్తింది. అమెరికాలో వెలువడే డేటామేషన్ పత్రికలో మెల్విన్ కాన్వే రాసిన ఒక వ్యాసం, ఏ సంస్థ ఏ వ్యవస్థను రూపొందించినా ఆ వ్యవస్థ నిర్మాణం ఆ సంస్థలోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని, ఇది యాదృచ్ఛికం కాదని వాదించింది. ఆయన ఇచ్చిన ఉదాహరణ చిన్నదే అయినా గట్టిది. ఒక పరిశోధన సంస్థలో ఎనిమిది మందికి రెండు కంపైలర్లు, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం అమలుచేయగల ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు, తయారుచేసే పని అప్పగించి, అయిదుగురిని కోబాల్ కంపైలర్‌కు, ముగ్గురిని ఆల్గాల్ కంపైలర్‌కు కేటాయించారు; పని పూర్తయ్యాక చూస్తే కోబాల్ కంపైలర్ అయిదు దశల్లో, ఆల్గాల్ కంపైలర్ మూడు దశల్లో నడిచింది. ఆ రెండు భాషల వ్యాకరణంలో అయిదు దశలు కావాలనో మూడు దశలు చాలనో చెప్పేది ఏదీ లేదు. ఆ అంకెలు మనుషులను పంచిన తీరు నుంచి వచ్చాయి. 1975లో ఫ్రెడరిక్ బ్రూక్స్ తన గ్రంథంలో దీన్ని కాన్వే సూత్రమని పిలిచిన తర్వాత ఆ పేరే స్థిరపడింది.

ఈ రంగంలో ఆర్కిటెక్చర్ అనేది, ఒక వ్యవస్థను ఏయే భాగాలుగా విడగొట్టాలి, ఏ భాగం దేనికి బాధ్యత వహించాలి, ఒక భాగం మరొక భాగాన్ని ఏయే విషయాలు అడగవచ్చు అన్న నిర్ణయాల సముదాయం. మాడ్యూల్ అంటే ప్రోగ్రాములో ఒక ముక్క అనుకోవడం చాలదని, దాన్ని ఒక బాధ్యత అప్పగింతగా చూడాలని డేవిడ్ పార్నాస్ 1972లోనే వివరించారు. బాధ్యతను అప్పగించేది మనుషులకే కాబట్టి, ఆ మాట ఒప్పుకున్నవారికి కాన్వే సూత్రం వింతగా తోచదు. గవర్నెన్స్ అనేది దానికి పై అంతస్తు: ఏ సాంకేతికతను స్వీకరించాలి, ఏ మార్పును ఎవరు ఆమోదించాలి, ఏ సమాచారాన్ని దిద్దే లాగిన్ ఎవరి చేతిలో ఉండాలి అని నిర్ణయించే ఏర్పాటు. ఈ రెండింటినీ సాధారణంగా ఇంజినీర్లకు, మేనేజర్లకు సంబంధించిన విషయాలుగానే చర్చిస్తారు. కానీ వాటి అడుగున ఉన్నవి దర్శనశాస్త్రానికి చెందిన రెండు ప్రశ్నలు. సంస్థ కూర్పు సాఫ్ట్‌వేర్‌కు కారణమైతే అది ఏ జాతి కారణం? అటువంటి కారణం వల్ల ఎవరికైనా హాని జరిగితే కర్త ఎవరు?

మొదటి ప్రశ్నకు కావలసిన పనిముట్టు తెలుగు పండితుడి చేతి నుంచే దొరుకుతుంది. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, న్యాయ వైశేషిక దర్శనాల్లో అడుగుపెట్టే విద్యార్థికి దేశమంతటా మొదటి పాఠ్యగ్రంథంగా నిలిచింది. అందులో కారణం మూడు విధాలు. కార్యం ఏ పదార్థంలో విడదీయరాని సంబంధంతో నిలిచి పుడుతుందో అది సమవాయి కారణం. గుడ్డకు దారాలు అటువంటివి. ఆ సమవాయి కారణంలో ఉంటూ కార్యాన్ని పుట్టించేది అసమవాయి కారణం. గుడ్డకు దారాల పరస్పర సంయోగం అటువంటిది. ఈ రెండూ కానిది నిమిత్త కారణం. మగ్గం, నాడె, నేతగాడు ఆ కోవలోకి వస్తారు. ఈ విభజనలో లోతైనది రెండోదే. కలయికను న్యాయశాస్త్రం దారాల నుంచి వేరైన ఒక గుణంగా గుర్తించింది, దానికి స్వతంత్రంగా కారణత్వం ఇచ్చింది, అంతేకాక అసమవాయి కారణం నశిస్తే కార్యద్రవ్యం నశిస్తుందని కూడా తేల్చింది. దారాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా, వాటి అల్లిక విడిపోతే గుడ్డ లేదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో సంస్థ కూర్పు ఈ రెండో జాతి కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దీనికి నైయాయికుడు వెంటనే ఒక ఆక్షేపణ చెబుతాడు, అది న్యాయమైనదే. అసమవాయి కారణం సమవాయి కారణంలోనే ఉండాలి. దారాల సంయోగం దారాల్లో ఉంది. కానీ ఉద్యోగుల మధ్య సంబంధం ఉద్యోగుల్లో ఉంటుంది, కోడ్‌లో కాదు. కాబట్టి అది నేతగాళ్ళ మధ్య స్నేహంలాగా నిమిత్త కారణం మాత్రమే కావాలి. ఈ ఆక్షేపణకు సమాధానం సాఫ్ట్‌వేర్‌కు అసలు పదార్థం ఏమిటన్న దాని మీద ఆధారపడుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ప్రచురించిన వ్యాసంలో, ప్రోగ్రాము అంటే తెర మీద కనిపించే పంక్తులు కాదని, ఆ పంక్తులు ఎందుకు అలా ఉన్నాయో, లోకంలోని ఏ విషయానికి ఏ పంక్తి జవాబుగా నిలుస్తుందో తెలిసిన మనుషుల అవగాహనే ప్రోగ్రాము అని, ఆ మనుషులు చెదిరిపోతే కోడ్ మిగిలినా ప్రోగ్రాము చనిపోయినట్లేనని వాదించారు. అలా చూస్తే సాఫ్ట్‌వేర్ నేసిన దారాలు మనుషుల అవగాహనలే. ఆ అవగాహనలు ఒకదానితో ఒకటి ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో అన్న సంయోగం ఆ దారాల్లోనే ఉంది. ఒక కంపెనీలో టీములను తిరగేసి కూర్చిన తర్వాత, ఒక్క ఉద్యోగి కూడా మానకపోయినా, ఒక్క పంక్తి కోడ్ కూడా మారకపోయినా, వ్యవస్థ మెల్లగా ఎవరికీ అర్థం కాకుండా పోవడం ఈ రంగంలో పనిచేసేవారందరూ ఎరిగినదే. నైయాయికుడు చెప్పిన అల్లిక నాశానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పనిని పంచుకున్న తీరు కృతి నిర్మాణాన్ని శాసించడం కంప్యూటర్లతో మొదలైన విషయమూ కాదు. వేదవిభజనకు పురాణాలు చెప్పే కారణాన్నే చూడవచ్చు. వ్యాసుడు ఒక్కటిగా ఉన్న వేదాన్ని నాలుగుగా విభజించి పైలుడికి, వైశంపాయనుడికి, జైమినికి, సుమంతుడికి అప్పగించాడన్నది ప్రసిద్ధం. ఆ విభజనకు ఆధారం యజ్ఞంలోని పని విభజన అని విష్ణుపురాణం చెబుతుంది. హోత చదవవలసినవి ఋక్కులు, అధ్వర్యుడు కర్మ చేస్తూ ఉచ్చరించేవి యజుస్సులు, ఉద్గాత గానం చేసేవి సామాలు, బ్రహ్మత్వానికి అథర్వం. అంటే యజ్ఞశాలలో ఎవరు ఏ పని చేస్తారన్నదే వాఙ్మయం ఎన్ని సంహితలుగా నిలుస్తుందో నిర్ణయించింది. బౌద్ధంలో ఇదే సంగతి మరో విధంగా కనిపిస్తుంది: పాళీ సూత్రపిటకంలోని దీర్ఘ, మధ్యమ నికాయాలను వల్లెవేసి కాపాడిన భాణకుల బృందాలు వేరువేరుగా ఉండేవి. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలం నాటి శాసనాలు అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే వేరువేరు బౌద్ధ శాఖల పేర్లను పేర్కొంటాయి; ఆ విహారాల నిర్మాణ పథకాలు కూడా అన్నీ ఒక్కటిగా లేవు. సంఘం ఎలా విడిపోయిందో చైత్యగృహం, స్తూపం ఆ విభేదాన్ని కొంతవరకు రాతిలో, ఇటుకలో చూపాయి.

ఈ పాత ప్రశ్న నేడు నిత్యం అనుభవానికి వచ్చే చోట్లలో హైదరాబాదు శివారు కోకాపేట ఒకటి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఐటీ కారిడార్ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా పడమరకు జరుగుతూ గండిపేట మండలంలోని ఈ గ్రామాన్ని చేరుకుంది. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ నిర్వహించిన నియోపొలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఈ ప్రాంతంలోని కార్యాలయాల్లో చాలా భాగం విదేశీ కంపెనీలు తమ పనుల కోసమే నెలకొల్పుకున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, లేదా అటువంటి కంపెనీలకు సేవలందించే సంస్థలు. వాటి కూర్పులో ఒక విశేషం ఉంది. ఏ ఉత్పత్తి ఎలా ఉండాలో నిర్ణయించేవారు ఒక ఖండంలో, దాన్ని రాసేవారు మరో ఖండంలో ఉంటారు. హైదరాబాదులో రాత్రి 7.30 అయినప్పుడు అమెరికా పశ్చిమ తీరంలో వేసవిలో ఉదయం 7 గంటలు. ఇరువురూ కలిసి మాట్లాడగలిగే వేళ రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే.

ఆ కొద్దిపాటి సంభాషణ సాఫ్ట్‌వేర్ లోపలికి ఎలా దిగుతుందో ఒక మామూలు సందర్భంలో చూడవచ్చు. కోకాపేటలోని ఒక టీముకు వినియోగదారుడి చిరునామాతో పాటు అతడు ఆ చిరునామాకు మారిన తేదీ కూడా కావాలి. ఆ సమాచారం ఉన్న సర్వీసు సముద్రం అవతలి టీము అధీనంలో ఉంది. తేదీ అనే ఒక్క గడిని తమ ఏపీఐలో, అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను అడగడానికి తెరిచి ఉంచిన ద్వారంలో, చేర్చాలంటే అవతలి టీము తన స్ప్రింట్, అంటే కొద్ది వారాల పని విడత, ప్రణాళికలో చోటివ్వాలి, వారి మేనేజర్ ఒప్పుకోవాలి, ఆ పైన ఆర్కిటెక్చర్ బోర్డు ఆమోదించాలి. టికెట్ వేసి ఎదురుచూసిన ఇవతలి టీము, గడువు మీద పడ్డాక, చిరునామాల పట్టికను మొత్తంగా తన దగ్గరకు నకలు చేసుకుని దానికి తేదీ అనే నిలువు వరుసను తానే తగిలిస్తుంది. అప్పటి నుంచి ఒకే మనిషికి రెండు చిరునామాలు. ఏది నిజమో తేల్చడానికి రాత్రుళ్ళు నడిచే మూడో ప్రోగ్రాము. ఆ మూడో ప్రోగ్రామును చూసుకోవడానికి మరో టీము. ఏ ఆర్కిటెక్టూ దీన్ని గీయలేదు. ఇద్దరి మధ్య మాట నడవని చోట రెండు పట్టికలు పుట్టాయి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నాగప్పన్, మర్ఫీ, మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బాసిలీ 2008లో విండోస్ విస్టా మీద జరిపిన అధ్యయనం ఇదే దిశలో సాక్ష్యమిచ్చింది: ఏ భాగాల్లో వైఫల్యాలు వస్తాయో ముందుగా చెప్పడానికి కోడ్ సంక్లిష్టత వంటి కొలతల కంటే, ఆ భాగం మీద ఎంతమంది, ఎన్ని విభాగాల నుంచి, ఏ స్థాయి అధికారి కింద పనిచేశారన్న కొలతలే ఎక్కువ సరిగా పనిచేశాయి.

కంపెనీలో రెండు పట్టికలు పుడితే కొంత డబ్బు, కొందరి నిద్ర పోతాయి. ప్రభుత్వంలో అదే జరిగితే పోయేది భూమి కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల శాఖ కార్డ్ పేరుతో తన పనిని కంప్యూటరీకరించింది. భూమి హక్కుల రికార్డు మాత్రం రెవెన్యూ శాఖది. భూమి కొన్న రైతు సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు రిజిస్టరు చేయించుకుని, ఆ కాగితంతో తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి తన పేరు రికార్డులోకి మార్చమని, అంటే మ్యుటేషన్ చేయమని, వేరుగా అర్జీ పెట్టుకోవలసి వచ్చేది. శాఖలు రెండు కాబట్టి సాఫ్ట్‌వేర్లు రెండు; వాటి మధ్య నడిచే వారధి రైతు కాళ్ళే. అమ్మినవాడి పేరు రెవెన్యూ రికార్డులో అలాగే మిగిలిపోయి, అదే భూమి రెండోసారి అమ్ముడుపోయే అవకాశం ఆ రెండు తెరల మధ్య ఖాళీలోనే ఉండేది.

2020 అక్టోబరు 29న తెలంగాణ ప్రభుత్వం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా మూడుచింతలపల్లిలో ప్రారంభించిన ధరణి భూరికార్డుల పోర్టల్ ఈ ఖాళీని మూసింది, మూసిన పద్ధతి గమనించదగినది. ముందుగా ఒక కొత్త చట్టం తహసీల్దారునే వ్యవసాయ భూములకు జాయింట్ సబ్ రిజిస్ట్రారుగా నియమించింది. రెండు అధికారాలు ఒక మనిషిలో కలిశాక రెండు పనులూ ఒకే తెర మీదికి వచ్చాయి. స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళినవారికి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో ముగిసేవి. వివాదం లేని భూమి ఉన్నవారికి ఇది నిజమైన మేలు, దాన్ని ఒప్పుకోకుండా ధరణి గురించి మాట్లాడడం న్యాయం కాదు.

అదే చట్టంతో పాటు మరో రెండు మార్పులు వచ్చాయి. గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్వోల, పదవులన్నీ 2020 సెప్టెంబరులో రద్దయ్యాయి. పాత 1971 భూమి హక్కుల చట్టం కింద తహసీల్దారు నిర్ణయం మీద ఆర్డీవోకు అప్పీలు, ఆ పైన జాయింట్ కలెక్టరుకు రివిజన్ ఉండేవి. ఆ రెవెన్యూ కోర్టులూ పోయాయి, హక్కుల వివాదానికి సివిల్ కోర్టే దిక్కయింది. ఈ రెండు మార్పుల వెనుక ఉన్న ఉద్దేశం అవినీతిని తగ్గించడమే. కానీ కారణం ఉద్దేశాన్ని బట్టి పనిచేయదు. ఒక పట్టాదారుకు సర్వే నంబరు 127/ఆలో 3 ఎకరాల 20 గుంటలు ఉండి, 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో పొరపాటున 3 ఎకరాల 2 గుంటలుగా నమోదైందనుకుందాం. ఆ పొలాన్ని చూసి, గట్టు కొలిచి, పక్క రైతును అడిగి ఇది టైపులో జరిగిన తప్పు అని చెప్పగల ఉద్యోగి అప్పుడు ఊళ్ళో లేడు. తహసీల్దారు బయోమెట్రిక్ లాగిన్‌లో రిజిస్టరు చేసే అధికారం ఉండేది, దిద్దే అధికారం ఉండేది కాదు. తెర మీద కూడా, సహజంగానే, దిద్దుబాటుకు మొదట్లో ద్వారం లేదు. తర్వాత ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క మాడ్యూల్ చేర్చుతూ పోయారు. పాసుపుస్తకంలో వివరాల సవరణకు టీఎం-33, నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన భూములకు టీఎం-15 అనే పేర్లు పల్లెల్లో చదువురాని రైతుల నోట కూడా వినిపించేటంతగా వ్యాపించాయి. ఆ మాడ్యూళ్ళన్నీ ప్రవాహాల్లా వెళ్ళి చేరింది ఒకే చోటికి, కలెక్టరు లాగిన్‌కు. జిల్లాకు ఒక్క మనిషి చేతిలో నిర్ణయాన్ని పెట్టిన ఏర్పాటుకు అది కచ్చితమైన ప్రతిబింబం.

ఇక్కడ అల్లిక నాశం గురించి నైయాయికుడు చెప్పింది మళ్ళీ పనికొస్తుంది. తెలంగాణలో భూమి రికార్డు అంటే ఒక్క కాగితం కాదు; తొలి సర్వే నాటి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఏటేటి పహాణీలు, ఇవన్నీ కలిపి చదివితేనే ఒక సర్వే నంబరు కథ తెలుస్తుంది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం పదవులను రద్దు చేసినప్పుడు వంశపారంపర్యంగా సాగిన ఒక పెత్తనం ముగిసింది, ముగియవలసిందే. కానీ కాగితాలన్నీ మిగిలి, వాటిని కలిపి చదివే తెలివి మాత్రం ఊళ్ళ నుంచి తరలిపోయింది. 2020లో అదే నష్టం రెండోసారి జరిగింది. రెండుసార్లూ దోషం ఉన్నది పదవిని నడిపిన తీరులో. తీసేసినది మాత్రం పదవి కలిపి ఉంచిన సంబంధాన్ని.

ధరణిలోని ఇబ్బందులు సాఫ్ట్‌వేర్ చేతగానితనం వల్ల వచ్చినవని వాదించేవారికి 2024 జవాబు చెప్పింది. ఆ ఏడాది జనవరిలో ప్రభుత్వం అయిదుగురు సభ్యుల కమిటీని నియమించింది. ఫిబ్రవరి చివర్లో, సుమారు 2.45 లక్షల అర్జీలు పెండింగులో ఉన్న స్థితిలో, సవరణ అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టరు స్థాయిలకు పంచుతూ ఉత్తర్వులిచ్చి మార్చిలో ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. పోర్టల్ అదే. డేటాబేసు అదే. మారింది ఎవరి లాగిన్‌లో ఏ బటన్ కనిపిస్తుందన్నది మాత్రమే, అర్జీలు కదలడం మొదలైంది. తర్వాత 2025 ఏప్రిల్ 14న, ఐటీ కారిడార్‌లోని శిల్పకళావేదికలోనే, ధరణి స్థానంలో భూభారతి అనే కొత్త చట్టం, పోర్టల్ ప్రారంభమయ్యాయి. మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో ముందుగా అమలుచేసిన ఆ చట్టం ఆర్డీవో స్థాయి నుంచి పైకి అప్పీళ్ళను పునరుద్ధరించింది, గ్రామానికి మళ్ళీ ఒక అధికారిని ఇవ్వడానికి గ్రామపాలన అధికారుల వ్యవస్థ వచ్చింది. కొత్త పోర్టల్‌లో అప్పీలుకు తెర ఉండడానికి కారణం ప్రోగ్రామర్లు నేర్చుకోవడం కాదు, అప్పీలు వినే మనిషి మళ్ళీ పుట్టడం.

ఇక రెండో ప్రశ్న. సంస్థ కూర్పే కారణమైతే, కోకాపేటలో కూర్చుని టికెట్‌లో రాసినట్టు కోడ్ రాసే ఉద్యోగికి బాధ్యత ఉందా? సాంఖ్యుల సత్కార్యవాదం ప్రకారం కార్యం కారణంలో ముందే ఉంది. నువ్వుల్లో నూనె ఉన్నట్టు, చట్టంలోనే పోర్టల్ దోషం ఉంది. అలాంటప్పుడు ఎవరూ ఏమీ చేయగలిగేది లేదన్న నిస్సహాయతకు దారి దగ్గరే. న్యాయ వైశేషికుల అసత్కార్యవాదం దీన్ని ఒప్పుకోదు; కార్యం ముందు లేనిది, కొత్తగా పుట్టేది, కాబట్టి అల్లిక మరోలా ఉంటే గుడ్డ మరోలా ఉండేది. ఈ చర్చలో బరువు రెండో పక్షం వైపే ఉందని ఈ వ్యాసం అభిప్రాయం, ఎందుకంటే 2024లో అధికారాల పంపకం మారగానే ఫలితం మారింది. కాన్వే సూత్రాన్ని విధి అని చదివేవారు ఈ తేడాను మరచిపోతున్నారు. అది తలరాత కాదు. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో నిర్ణయించే అధికారం ఉన్నవారు చేసిన ఒక పని.

భగవద్గీత 18వ అధ్యాయం ఏ కర్మకైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం అనే అయిదు కారణాలు చెప్పి, తాను ఒక్కడినే కర్తనని భావించేవాడు సరిగా చూడడం లేదంటుంది. ఈ మాటను కొందరు బాధ్యత నుంచి విడుదలగా వాడుకుంటారు, అది పొరపాటు. కారణాలు అయిదని చెప్పడం వల్ల కర్త అనే రెండో కారణం ఆ లెక్కలోంచి తొలగిపోదు. మీమాంసకులు ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉన్నారు. యజ్ఞంలో ఆహుతులు వేసేది, మంత్రాలు చదివేది ఋత్విక్కులు. కానీ ఫలం యజమానిది, ఎందుకంటే సంకల్పించినవాడు, దక్షిణ ఇచ్చి వారిని నియోగించినవాడు అతడే. కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ రాయించుకునే ప్రతి ప్రభుత్వానికి, ప్రతి కంపెనీకి ఈ న్యాయం వర్తిస్తుంది. రైతు పేరు మాయమైతే, వెండర్ తప్పు చేశాడని యజమాని చేతులు దులుపుకోలేడు.

ఋత్విక్కు కూడా పూర్తిగా బయటపడడు, ఇక్కడే యజ్ఞవ్యవస్థ నేటి గవర్నెన్స్ బోర్డుల కంటే సూక్ష్మంగా ఆలోచించింది. హోత, అధ్వర్యుడు, ఉద్గాత తమ తమ వేదాన్ని చూసుకుంటారు. ముగ్గురి పని కలిసే చోట జరిగే లోపం ముగ్గురిలో ఎవరి కంటా పడదు. అందుకే నాలుగో ఋత్విక్కు బ్రహ్మ ఉన్నాడు. అతడు మూడు వేదాలూ తెలిసినవాడై, దక్షిణ దిక్కున మౌనంగా కూర్చుని మొత్తాన్ని గమనిస్తూ, ఎక్కడ లోపం జరిగినా ప్రాయశ్చిత్తాహుతితో సరిదిద్దుతాడు. ఛాందోగ్యోపనిషత్తు అతడి పాత్రను విశేషంగా చర్చిస్తుంది. మౌనంగా ఉండడం అతడి నియమం, కానీ లోపం కనిపించిన క్షణాన మౌనం వీడడం అతడి ధర్మం. నేటి ఆర్కిటెక్చర్ బోర్డుల్లో మౌనం ఉంది, మూడు వేదాల పరిచయం లేదు. అనుమతి ఇవ్వడమో ఆపడమో ఉంది, ప్రాయశ్చిత్త బాధ్యత లేదు. చాలాచోట్ల బోర్డు సభ్యులు ఒక్కొక్క విభాగం ప్రతినిధులు, అంటే ముగ్గురు ఋత్విక్కులనే మళ్ళీ కూర్చోబెట్టి దానికి బ్రహ్మ అని పేరు పెట్టడం జరుగుతోంది.

తెలంగాణలో మౌనానికే చట్టపరమైన ఫలితం కట్టిన ఏర్పాటు కూడా ఉంది. 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం పరిశ్రమల అనుమతులకు గడువు పెట్టి, ఆ గడువులోగా శాఖ జవాబు చెప్పకపోతే అనుమతి వచ్చినట్లే భావించాలంది. 2020 నాటి టీఎస్ బీపాస్ ఇళ్ళ నిర్మాణానికి ఇలాంటి పద్ధతినే తెచ్చి, పెద్ద భవనాలకు 21 రోజుల గడువు విధించింది. కోకాపేట ఆకాశహర్మ్యాలకు అనుమతులిచ్చే శాఖలను ఒకే కిటికీ దగ్గరకు తెచ్చిన ఈ మార్పును, సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో ముందు నిర్ణయించి దానికి తగినట్టు సంస్థను మలచడంగా చూడవచ్చు. దీన్నే ఐటీ రంగం విలోమ కాన్వే వ్యూహం అంటుంది. వేగం పెరిగింది. కానీ గడువు దాటిన ఫైలు విషయంలో కర్త ఎవరన్న ప్రశ్నకు జవాబు గడియారమే అవుతుంది, దర్శనశాస్త్రం ఎరిగిన ఏ లెక్కలోనూ గడియారం కర్త కాజాలదు.

పరిపాలనా న్యాయంలో దీనికి ఒక పరిష్కారం చాలాకాలంగా ఉంది. హక్కును ప్రభావితం చేసే నిర్ణయం తీసుకునే అధికారి తన కారణాలు రాయాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో స్పష్టం చేసింది. సాఫ్ట్‌వేర్ రంగంలో మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించిన ఆర్కిటెక్చర్ నిర్ణయ రికార్డు ఇలాంటి ఆలోచన నుంచే పుట్టింది: నిర్మాణంలో తీసుకున్న ప్రతి ముఖ్య నిర్ణయానికి సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు చిన్న పత్రంలో రాసి కోడ్‌తో పాటే భద్రపరచాలి. ఈ రెండు పద్ధతులు ఇంతవరకు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళలేదు. కోకాపేటలో ఒక ఇంజినీరు ఒక గడిని ఎందుకు తప్పనిసరి చేశాడో రాసిపెడతాడు, ఆ గడి నింపలేక అర్జీ పోగొట్టుకున్న రైతుకు మాత్రం ఆ కారణం చేరదు; తహసీల్దారు తిరస్కరణకు కారణం రాస్తాడు, కారణాల జాబితాలో ఏయే ఎంపికలు మాత్రమే ఉండాలో ముందే నిర్ణయించినవారి పేరు ఎక్కడా కనిపించదు. ప్రజల హక్కులను తాకే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఏ లాగిన్‌కు ఏ అధికారం, ఏ తెర మీద ఏ ఎంపిక అన్నవి కూడా ఉత్తర్వులే; వాటికి సంతకం చేసిన అధికారి హోదా, తేదీ, కారణం అదే పోర్టల్‌లో తెలుగులో బహిరంగంగా ఉండాలి, వాటి మీద అప్పీలుకు వీలుండాలి. భూభారతి చట్టం అప్పీలు హక్కును రికార్డులోని నమోదుకు ఇచ్చింది. ఆ నమోదు జరిగే తెర రూపానికి ఆ హక్కు ఇంకా రావలసి ఉంది.